చిన్న వయసులో రెటీనా సిర మూసుకుపోతే చూపు ఎంతవరకు తిరిగొస్తుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులోని ఒక కంటి ఆసుపత్రిలో చూపు కొలిచే గదిలో నేను పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. డాక్టరు గారి దగ్గరికి వెళ్లేముందు ఒకసారి, బయటికి వచ్చాక ఒకసారి నా బల్ల దగ్గర ఆగి "మేడమ్, నా చూపు మళ్లీ వస్తుందా?" అని అడిగేవారిలో యాభై ఏళ్ల లోపువారు చాలామందే ఉంటారు. కావలి, కోవూరు, కందుకూరు, ఒంగోలు, ఎక్కడి నుంచి వచ్చినా వాళ్ల సందేహాలు దాదాపు అవే కాబట్టి వాటిని ఒకచోట రాసిపెడుతున్నాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు. మీ కంటిని చూసిన రెటీనా డాక్టరు చెప్పిన మాటకు మాత్రం ఇది ప్రత్యామ్నాయం కాదు.

## జబ్బు తెలిసిన మొదటి రోజుల్లో

"కంటి నరం బ్లాక్ అయింది" అన్నారు. అంటే నరం చచ్చిపోయినట్టా?

కాదు. మనం రక్తనాళాన్నీ నరమనే అంటాం, మెదడుకు కబురు మోసే తంతువునూ నరమనే అంటాం. అందువల్లే ఈ భయం. ఇక్కడ మూసుకుపోయింది రెటీనా (కంటి వెనుక వెలుతురును పట్టే పొర) నుంచి వాడిన రక్తాన్ని బయటికి తీసుకుపోయే సిర. ఆ పొర మొత్తం రక్తాన్ని మోసేది ప్రధాన సిర, ఒక భాగం రక్తాన్ని తెచ్చి దానిలో కలిపేది కొమ్మ సిర. పెన్నా ఆయకట్టు రైతులకు నేను ఇలా చెబుతాను: పంట కాలువ తెగితే మడి ఎండుతుంది, మురుగు కాలువ పూడితే మడి మునుగుతుంది. మీ కంటిలో జరిగింది రెండోది. సిరలో ఒత్తిడి పెరిగి రక్తం చిమ్ముతుంది, చూపుకు కేంద్రమైన మాక్యులాలో నీరు చేరి వాపు వస్తుంది. మునిగిన మడిలో నీరు ఎంత త్వరగా దిగింది, పైరు వేళ్లు కుళ్లాయా లేదా అన్నదాన్ని బట్టి పంట దక్కినట్టే, నీరు ఎన్నాళ్లు నిలిచింది, అడుగున కణాలు బతికి ఉన్నాయా అన్నదాన్ని బట్టి చూపు తిరిగి వస్తుంది.

నాకు 34 ఏళ్లే. ఇది పెద్దవాళ్ల జబ్బు కదా, నాకెందుకు వచ్చింది?

ఈ జబ్బు ఎక్కువగా యాభై, అరవై దాటినవారికే వస్తుందన్నది నిజమే. అయితే చిన్న వయసులో వచ్చినప్పుడు కూడా మొదట వెతకవలసినవి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ వంటి మామూలు కారణాలే. ముప్పై ఏళ్లు దాటినా ఒక్కసారి కూడా బీపీ చూపించుకోనివారికి మా గదిలో పట్టీ చుట్టగానే 170, 180 కనిపించడం నాకు కొత్త కాదు. వాటి తర్వాత రక్తం సులువుగా గడ్డకట్టే స్వభావం, రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరగడం, సిర గోడ వాచడం, మూత్రపిండాల జబ్బు, కంటి లోపలి ఒత్తిడి, గర్భనిరోధక మాత్రలు వస్తాయి. మన దేశంలో క్షయకు సంబంధించిన సిరల వాపును కూడా మరచిపోకూడదు. ఎంత వెతికినా కారణం దొరకనివారూ ఉంటారు. దొరకనంత మాత్రాన చూపు రాదని అర్థం కాదు.

నొప్పి లేదు, ఎరుపు లేదు. అనుకోకుండా ఒక కన్ను మూసినప్పుడే తెలిసింది. ఆలస్యమైపోయిందా?

ఈ జబ్బు దొరికే తీరే అది. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు మీద పనిచేసే ఒక యువకుడు మేత బస్తా విప్పుతుండగా కుడి కంట్లో దుమ్ము పడింది. ఆ కన్ను నులుముకుంటూ ఎడమ కంటితో చూస్తే ఎదురుగా తిరుగుతున్న ఏరియేటరు మీద బూడిదరంగు మచ్చ పరుచుకుని కనిపించింది. ఆ మచ్చ ఎన్ని రోజులుగా ఉందో అతనికి తెలియదు, ఎందుకంటే బాగున్న కన్ను దాన్ని కప్పిపెట్టింది. కాబట్టి మీకు తెలిసిన రోజునే మొదటి రోజుగా లెక్కవేసుకుని, ఆ వారంలోనే రెటీనా డాక్టరుకు చూపించండి. వారాలు పెద్ద నష్టం చేయకపోవచ్చు, నెలలు మాత్రం చేస్తాయి. ఎప్పటి నుంచి మసక ఉందో తేలడానికి పాత కళ్లజోడు చీటీ, డ్రైవింగ్ లైసెన్సు కోసం చేయించిన కంటి పరీక్ష కాగితం వంటివి ఉంటే వెంట తెచ్చుకోవాలి.

వయసు చిన్నది కాబట్టి తనంతట తగ్గిపోతుందని తెలిసినవారు అన్నారు. మందు లేకుండా ఆగి చూడొచ్చా?

ఇందులో సగం నిజం ఉంది, ఆ సగమే ప్రమాదం. చిన్న వయసువారికి రక్తం పక్కదారులు వెతుక్కునే శక్తి ఎక్కువ. మొదటి రోజు చూపు 6/12 (మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవగలగడం; 6/6 మామూలు చూపు, రెండో అంకె పెరిగేకొద్దీ చూపు తక్కువ) లేదా అంతకంటే బాగుండి, మాక్యులాలో నీరు లేకుండా, రక్తప్రసరణ ఆగిన భాగాలు లేకుండా ఉంటే డాక్టర్లే కంట్లో వాపు తగ్గించే ఇంజెక్షన్ వేయకుండా నెలనెలా చూస్తూ ఆగుతారు, వారిలో చాలామంది బాగుపడతారు. కానీ అది గమనిస్తూ ఆగడం, ఇంట్లో కూర్చుని ఆగడం కాదు. మొదట రక్తప్రసరణ బాగున్న కన్ను కూడా తర్వాత చెడవచ్చు: అమెరికాలో 1997లో ఫలితాలు వెలువడిన ప్రధాన సిర అధ్యయనంలో, మొదట ప్రసరణ బాగున్న కళ్లలో 15 శాతం తొలి నాలుగు నెలల్లోనే, 34 శాతం మూడేళ్లలో ప్రసరణ దెబ్బతిన్న రకంగా మారాయి.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏట ఒక కుర్రవాడికి ధైర్యం చెప్పబోయి "మీ వయసుకు తగ్గిపోతుంది లెండి" అన్నాను. అతను నాలుగు నెలలు రాలేదు. వచ్చినప్పుడు కన్ను ఎర్రబడి, నొప్పితో తల పట్టుకుని ఉన్నాడు. కంటిపాప చుట్టూ కొత్త రక్తనాళాలు మొలిచి లోపలి ఒత్తిడి పెరిగిపోయింది. ఆ చూపు తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఆ వాక్యం నా నోట రానివ్వలేదు. ఇప్పుడు చెప్పే మాట ఒక్కటే: మీ వయసు మీకు అనుకూలమే, అయితే చెప్పిన తేదీకి రావాలి.

## పరీక్షల దశలో

చార్టులో పై అక్షరం కూడా కనపడలేదు. ఇక నా చూపు ఇంతేనా?

మొదటి రోజు చూపు అన్నిటికంటే బలమైన సూచన అన్నది నిజం. ఇంజెక్షన్లు రాని కాలంలో జరిగిన ప్రధాన సిర అధ్యయనంలో, 6/12 లేదా మెరుగైన చూపుతో మొదలైనవారిలో 65 శాతం మంది అక్కడే నిలిచారు. 6/60 లేదా తక్కువతో మొదలైనవారిలో 80 శాతం మంది ఆ స్థితిలోనే ఉండిపోయారు. మధ్యలో ఉన్నవారి సంగతి ఎటూ తేలలేదు, కొందరు పెరిగారు, కొందరు తగ్గారు. ఈ లెక్క మందు లేని కాలపుదని, అందులో ఎక్కువమంది వయసు మళ్లినవారేనని గుర్తుంచుకోవాలి.

ఇంకొక సంగతి. మొదటి రోజు చూపు పడిపోవడానికి మూడు కారణాలుండవచ్చు: మాక్యులా మీద రక్తం పరుచుకోవడం, మాక్యులాలో నీరు చేరడం, అక్కడి కణాలకు రక్తం అందకపోవడం. మొదటి రెండింటిని తగ్గించుకోవచ్చు. మూడోది ఎంత ఉందన్నదే అసలు ప్రశ్న, దానికి చార్టు ఒక్కటే జవాబు చెప్పలేదు. అందుకే పై అక్షరం కనపడనివారితో నేను "ఇది ఈ రోజు కొలత మాత్రమే" అంటాను. అది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు.

నాది కొమ్మ సిర అన్నారు. మా బావకు ప్రధాన సిర అట. ఎవరి చూపు త్వరగా వస్తుంది?

సాధారణంగా కొమ్మ సిర అడ్డుకే మంచి ఫలితం ఉంటుంది, ఎందుకంటే రెటీనాలో ఒక భాగమే దెబ్బతింటుంది, మిగిలిన భాగం నుంచి పక్కదారులు ఏర్పడే అవకాశం ఉంటుంది. ధమని సిర మీదుగా దాటే చోట రెండింటికీ ఒకటే తొడుగు ఉంటుంది. గట్టిపడిన ధమని అక్కడ సిరను నొక్కుతుంది. అందుకే కొమ్మ సిర అడ్డు దొరికిన చిన్న వయసువారిలో బీపీని ముందుగా అనుమానిస్తారు. ప్రధాన సిర మూసుకుంటే రెటీనా మొత్తం మునుగుతుంది, ఫలితం మనిషికీ మనిషికీ చాలా మారుతుంది. మీ బావగారి కంటితో మీ కంటిని పోల్చుకోవడం వల్ల ఇద్దరికీ మేలు లేదు.

డాక్టరు గారు టార్చి రెండు కళ్ల మధ్య అటూ ఇటూ తిప్పి ఏదో రాసుకున్నారు. అదేం పరీక్ష?

గది చీకటి చేసి, బాగున్న కంటి మీద వెలుతురు పెడితే రెండు కంటిపాపలూ చిన్నవవుతాయి. వెంటనే టార్చిని దెబ్బతిన్న కంటి మీదికి మార్చినప్పుడు ఆ పాప చిన్నదిగా ఉండవలసింది పోయి నెమ్మదిగా విచ్చుకుంటే, ఆ కన్ను నుంచి మెదడుకు కబురు బలంగా వెళ్లడం లేదని అర్థం. ప్రధాన సిర అడ్డులో అది రక్తప్రసరణ బాగా దెబ్బతిన్నదనడానికి గట్టి ఆనవాలు. పెద్ద యంత్రాలేవీ లేకుండా అరనిమిషంలో తేలే ఈ పరీక్షకు చూపు భవిష్యత్తును చెప్పడంలో ఎంతో విలువ ఉంది. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేశాక దీన్ని చేయలేరు కాబట్టి, "చుక్కలు వేసేలోగా టార్చితో చూశారా అండీ?" అని మీరు మర్యాదగా అడగవచ్చు.

ఓసీటీ రిపోర్టులో 612 మైక్రాన్లు అని ఉంది. అంకె పెద్దదైతే చూపు రాదా?

ఓసీటీ అంటే రెటీనా పొరలను బొమ్మ తీసే స్కాను, ఆ అంకె మాక్యులా మందం. నీరు ఎంత చేరిందో చెబుతుంది, మందు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి అక్కరకొస్తుంది. చూపు ఎంత తిరిగొస్తుందో మాత్రం అది సరిగా చెప్పదు. 600 దాటినవారు 6/9కి రావడం, 350 ఉన్నవారు 6/36 దగ్గరే ఆగడం రెండూ చూశాను. అంకె కంటే బొమ్మ ముఖ్యం. రెటీనా బొమ్మలో పొరలు మడతకాజాలో మడతల్లా ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. అడుగు వైపు తెల్లటి సన్నని గీత ఒకటి ఉంటుంది, వెలుతురును పట్టే కణాలు క్షేమంగా ఉన్నాయనడానికి అదే గుర్తు. ఆ గీత మాక్యులా నడిమధ్య తెగకుండా ఉంటే ఆశ ఎక్కువ. పైవైపు లోపలి పొరల మధ్య హద్దులు చెరిగిపోయి కలగాపులగంగా కనిపిస్తే, ముఖ్యంగా నీరు దిగాక కూడా అలాగే ఉంటే, ఆశ తగ్గుతుంది. నీరు ఎక్కువగా ఉన్నప్పుడు దాని నీడ పడి గీత కనిపించకపోవచ్చు, కాబట్టి మొదటి స్కానులో గీత లేదని నిరాశపడకూడదు.

చేతికి రంగు ఇంజెక్షన్ ఇచ్చి కంటి ఫోటోలు తీయాలంటున్నారు. ఓసీటీ చాలదా?

ఓసీటీ పొరలను చూపుతుంది, రంగు పరీక్ష రక్తం ఎక్కడికి చేరడం లేదో చూపుతుంది. ప్రసరణ ఆగిన భాగాలు ఫోటోలో నల్లగా మిగిలిపోతాయి. ప్రధాన సిర అడ్డులో ఆ నలుపు కంటి నరం తలకాయ వైశాల్యానికి పది రెట్లు లేదా అంతకు మించితే దాన్ని ప్రసరణ లేని రకంగా లెక్కవేయడం పాత అధ్యయనాల నుంచి వస్తున్న కొలమానం. మొదట్లో రక్తం చిమ్మి అడ్డంగా ఉంటే ఫోటోలు స్పష్టంగా రావు, అందుకే కొందరు డాక్టర్లు కొన్ని వారాలు ఆగి తీయిస్తారు. అది నిర్లక్ష్యం కాదు. పరీక్ష తర్వాత ఒకరోజు చర్మం, మూత్రం పసుపుపచ్చగా ఉంటాయి. మందుల ఎలర్జీ ఉంటే ముందే చెప్పాలి. రంగు ఇంజెక్షన్ అవసరం లేని ఓసీటీ యాంజియోగ్రఫీ ఇప్పుడు కొన్నిచోట్ల ఉంది, మాక్యులా నడుమ ఉండే రక్తనాళాలు లేని చిన్న ప్రాంతం ఎంత వెడల్పయిందో అది బాగా చూపుతుంది. ఆ ప్రాంతం వెడల్పయి, అంచులు చిరిగినట్టు ఉంటే నీరు పూర్తిగా దిగినా చూపు పూర్తిగా రాదు.

రక్త పరీక్షల చీటీ చాంతాడంత ఉంది. అన్నీ చేయించాలా?

బీపీ, షుగరు మూడు నెలల సగటు, కొలెస్ట్రాల్, రక్తకణాల లెక్క, ఈఎస్‌ఆర్, క్రియాటినిన్, మూత్ర పరీక్ష అందరికీ అవసరమే. మిగతావి మనిషిని బట్టి ఉంటాయి. యాభై లోపువారిలో, మామూలు కారణాలేవీ దొరకనప్పుడు, రెండు కళ్లకూ వచ్చినప్పుడు, ఇంతకుముందు కాళ్లలో రక్తం గడ్డకట్టినప్పుడు, పదేపదే గర్భస్రావాలు జరిగినప్పుడు హోమోసిస్టీన్, యాంటీఫాస్ఫోలిపిడ్ (రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీబాడీల) పరీక్షలు చేయిస్తారు. యాంటీఫాస్ఫోలిపిడ్ ఒకసారి పాజిటివ్ వస్తే పన్నెండు వారాల తర్వాత మళ్లీ చేస్తేనే ఖాయం. శాకాహారుల్లో బీ12 తక్కువై హోమోసిస్టీన్ పెరగడం ఉంది, దాన్ని సరిచేయడం తేలిక. ఈ పరీక్షల ఫలితం ఈ కంటి చూపును పెద్దగా మార్చదు. రెండో కంటినీ, గుండెనూ, మెదడునూ కాపాడుకోవడానికి పనికొస్తుంది.

## ఇంజెక్షన్లు మొదలయ్యాక

ఇంజెక్షన్ వేయించుకుంటే నిజంగా ఎంతమందికి చూపు పెరుగుతుంది?

2010లో వెలువడిన రెండు పెద్ద పరీక్షల లెక్క ఇది. కొమ్మ సిర అడ్డున్నవారికి ఆరు నెలలు నెలనెలా రానిబిజుమాబ్ అనే వాపు తగ్గించే మందు కంట్లోకి ఇస్తే నూటికి 61 మందికి చార్టులో మూడు వరుసలు లేదా అంతకంటే ఎక్కువ పెరిగింది. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ పొందినవారిలో 29 మందికి పెరిగింది. ప్రధాన సిరలో ఈ అంకెలు 48, 17. అంటే మందు లేకున్నా కొందరు బాగుపడతారు, మందుతో ఆ సంఖ్య బాగా పెరుగుతుంది, మందు వేసినా కొందరికి అంతగా పెరగదు. ఆ పరీక్షల్లో పాల్గొన్నవారి సగటు వయసు 65 దాటింది కాబట్టి ముప్పై, నలభై ఏళ్లవారికి ఈ అంకెలు యథాతథంగా వర్తించవు; చిన్న వయసు ఫలితాన్ని మెరుగు వైపు జరుపుతుందని మాత్రం పలు అధ్యయనాల్లో కనిపించింది.

డబ్బు సర్దుకుని మూడు, నాలుగు నెలల తర్వాత మొదలుపెడితే ఏమవుతుంది?

పంట చేతికొచ్చాక, చెరువు పట్టుబడి అయ్యాక వస్తామని చెప్పి వెళ్లేవారిని ఆపలేక మనసు కష్టపడుతుంది, అందుకే దీన్ని వివరంగా రాస్తున్నాను. ఒక్క లెక్క చాలు: ప్రధాన సిర అడ్డు పరీక్షలో మొదటి నెల నుంచే మందు పొందినవారికి ఏడాది చివర చార్టులో సగటున 14 అక్షరాలు పెరిగాయి, ఆరు నెలలు ఆగి మొదలుపెట్టినవారికి దాదాపు 7 మాత్రమే. అదే మందు వాడినా, పోయిన ఆరు నెలలు తిరిగి రాలేదు.

డబ్బు ఇబ్బందైతే వాయిదా వేయడం కంటే మందు మార్చుకోవడం మేలు. అదే పని చేసే బెవాసిజుమాబ్ అనే మందు ధర మిగతావాటిలో కొద్ది వంతే ఉంటుంది. 2017లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో ప్రధాన సిర అడ్డున్నవారికి ఆరు నెలల్లో అది ఖరీదైన అఫ్లిబెర్సెప్ట్‌కు తీసిపోలేదు. ఈ జబ్బుకు దానికి అధికారిక అనుమతి లేకపోయినా ప్రపంచమంతా వాడుతున్నారు. ఒక సీసాను చాలామందికి పంచుతారు కాబట్టి శుభ్రత పాటించే చోటే వేయించుకోవాలి. మన దేశంలోనే తయారయ్యే రానిబిజుమాబ్ 2015 నుంచి దొరుకుతోంది. రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో మీ కేసుకు ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని వైద్యమిత్రను ఇంజెక్షన్‌కు ముందే అడగాలి, తర్వాత అడిగితే ఉపయోగం ఉండదు.

మూడు ఇంజెక్షన్లు అయ్యాయి. నీరు తగ్గిందన్నారు కానీ చూపు పెరగలేదు. ఎందుకు?

ఇది వినడానికి కష్టమైన జవాబు. నీరు దిగాక మడి అడుగు బయటపడినట్టు, వాపు తగ్గాకే కణాల అసలు పరిస్థితి తెలుస్తుంది. తెల్లటి గీత నడుమ తెగి ఉంటే, లేదా మాక్యులాకు రక్తం అందడం లేదని తేలితే, చూపు అక్కడికే పరిమితం కావచ్చు. గీత ఉండి, ప్రసరణ బాగుంటే మాత్రం ఇంకా కొన్ని నెలలు ఆశపడవచ్చు, ఎందుకంటే కణాలు తేరుకోవడం వాపు తగ్గడం కంటే నిదానంగా జరుగుతుంది. నా అనుభవంలో మూడో ఇంజెక్షన్ తర్వాతి కొలతే మొదటి రోజు కొలత కంటే నమ్మదగిన జోస్యం. ఆ రోజున డాక్టరు గారిని సూటిగా అడగండి: "ఇప్పుడు అడ్డుగా ఉన్నది నీరా, రక్తప్రసరణా?" ఈ రెండింటిలో ఏదన్నది తెలిస్తే మిగిలిన ఖర్చు ఎంతవరకు పెట్టాలో మీరే నిర్ణయించుకోగలరు.

మొత్తం ఎన్ని ఇంజెక్షన్లు పడతాయి?

ముందుగా ఎవరూ ఖాయంగా చెప్పలేరు. మొదట నెలకొకటి చొప్పున మొదలుపెట్టి, నీరు దిగి నిలకడ వచ్చాక వ్యవధి పెంచుతారు. కొమ్మ సిరవారు కొందరు నాలుగైదుతో బయటపడతారు, ప్రధాన సిరవారికి రెండో ఏడాది కూడా పట్టవచ్చు. మధ్యలో మానేస్తే నీరు మళ్లీ చేరడం మామూలు.

స్టెరాయిడ్ గుళిక పెట్టించుకుంటే నెలనెలా తిరగక్కరలేదట. నాకు మంచిదేనా?

కంటి లోపల పెట్టే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ గుళిక కొన్ని నెలలు పనిచేస్తుంది, దూరం నుంచి వచ్చేవారికి ఆ సౌలభ్యం నిజమైనదే. కానీ సొంత కటకం ఉన్న చిన్న వయసువారికి శుక్లం త్వరగా వచ్చే ప్రమాదం ఉంది, కంటి ఒత్తిడి పెరగవచ్చు. ఒత్తిడి ఎక్కువగా రెండో నెల ప్రాంతంలో పైకి లేస్తుంది కాబట్టి అప్పుడు తప్పకుండా కొలిపించుకోవాలి. సిర గోడ వాపు కారణమైతే స్టెరాయిడే సరైన మందు కావచ్చు.

లేజరు చేశారు, చూపు ఒక్క అక్షరం కూడా పెరగలేదు. మోసపోయామా?

లేదు. ప్రసరణ ఆగిన భాగాల మీద చేసే లేజరు చూపు పెంచడానికి కాదు, కొత్త రక్తనాళాలు మొలిచి రక్తస్రావం, గ్లకోమా (కంటి ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినడం) రాకుండా ఆపడానికి. ఆ సంగతి ముందే చెప్పకపోవడం చెప్పనివారి తప్పు.

ఇంజెక్షన్ తర్వాత కన్ను ఎర్రగా ఉంది. భయపడాలా?

సూది గుచ్చిన చోట తెల్లగుడ్డు మీద ఎర్రటి మచ్చ, ఒకటి రెండు రోజులు గుండ్రటి బుడగలు తేలడం, బెటడిన్ వల్ల మంట మామూలే. రెండు నుంచి ఐదు రోజుల్లో నొప్పి పెరుగుతూ, చూపు తగ్గుతూ, వెలుతురు చూడలేకపోతే అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. వేలల్లో ఒకరికి వచ్చేదే అయినా ఆ రాత్రికి రాత్రే ఆసుపత్రికి రావాలి. డాక్టరు చెప్పిన రోజులు తలస్నానం మానండి, చెరువు నీళ్లు కంట్లో పడనివ్వకండి.

## ఆరు నెలలు దాటాక

చార్టులో రెండు వరుసలు పెరిగాయన్నారు. నాకు మాత్రం తేడా తెలియడం లేదు. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాదు, కానీ కొలత తీరు తెలుసుకోవాలి. మచ్చ నడుమ ఉన్నవారు తెలియకుండానే తల పక్కకు వంచి మచ్చ అంచు నుంచి చదవడం నేర్చుకుంటారు. ఒంగోలు నుంచి వచ్చే ఒక టీచరమ్మ ప్రతిసారీ గడ్డాన్ని ఎడమ భుజం వైపు తిప్పి 6/24 చదివేవారు. తల నిటారుగా పట్టుకుంటే 6/60 దాటేవారు కాదు. ఆమె రెటీనా బాగుపడలేదు, ఆమె మెదడు ఒక ఉపాయం నేర్చుకుంది. అది ఆమెకు పుస్తకాలు దిద్దడానికి పనికొచ్చింది, కాబట్టి ఆ లాభం నిజమైనదే, కానీ మందు ఫలితంగా రాయకూడదు. కొందరు అక్షరాలు కంఠతా పట్టేస్తారు, కొందరు అరచేతి వేళ్ల సందుల్లోంచి మంచి కంటితో చూస్తారు. పెరగాలన్న ఆశ వాళ్ల చేత అలా చేయిస్తుంది. దయచేసి కనపడనిది కనపడలేదనే చెప్పండి. మీరు చెప్పే అక్షరాన్ని బట్టే తర్వాతి ఇంజెక్షన్ నిర్ణయమవుతుంది. చార్టు పెరిగినా రంగులు వెలవెలబోవడం, గీతలు వంకరగా కనిపించడం, మసక వెలుతురులో తడబాటు చాలాకాలం మిగలవచ్చు.

ఏడాది అయింది, 6/18 దగ్గర ఆగిపోయింది. ఇంకా పెరుగుతుందా?

పెద్ద మార్పులు ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే వస్తాయి. ఏడాది తర్వాత, నీరు పూర్తిగా దిగి ఉంటే, ఒకటి రెండు వరుసలకు మించి ఆశించడం న్యాయం కాదు. నీరు ఇంకా వస్తూ పోతూ ఉంటే మాత్రం లెక్క ముగియలేదు. శుక్లం ఏర్పడిందేమో, కళ్లజోడు నంబరు మారిందేమో చూపించుకోండి. చిన్న రంధ్రం గుండా చూస్తే వరుస పెరిగిందంటే ఆ వరుస కళ్లజోడు అద్దంతోనే దొరుకుతుంది.

రెండో కంటికి కూడా వస్తుందా?

రావచ్చు, కానీ చాలామందికి రాదు. ప్రధాన సిర అడ్డున్నవారిలో రెండో కంటికి వచ్చే అవకాశం ఏడాదికి నూటికి ఒకరి ప్రాంతంలో ఉంటుంది. బీపీ, షుగరు, పొగ, కంటి ఒత్తిడి అదుపులో పెట్టుకోవడమే దానికి రక్షణ. ఇంట్లో గోడ క్యాలెండరు ముందు ప్రతి ఆదివారం ఒక్కో కన్ను మూసి చూసుకోండి. ఆస్పిరిన్ సొంతంగా మొదలుపెట్టకండి. ఈ జబ్బుకు దాని వల్ల మేలు రుజువు కాలేదు, గుండె కోసం డాక్టరు రాసి ఉంటే మాత్రం మానకండి.

ఏ లక్షణం కనిపిస్తే తేదీ కోసం ఆగకుండా రావాలి?

కన్ను నొప్పిగా ఎర్రబడి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే, తలనొప్పితో వాంతులైతే కంటి ఒత్తిడి పెరిగిందని అనుమానించాలి. ప్రసరణ లేని ప్రధాన సిర అడ్డులో ఇది మూడో నెల ప్రాంతంలో ఎక్కువ కాబట్టి దీన్ని వంద రోజుల గ్లకోమా అని కూడా అంటారు. ఒక్కసారిగా నల్లటి పొగ, సాలెగూళ్లు తేలితే లోపల రక్తస్రావం జరిగి ఉండవచ్చు.

## రోజువారీ బతుకులో

బైకు నడపవచ్చా?

బాగున్న కన్ను 6/6 ఉన్నా, దూరం అంచనా మొదటి కొన్ని నెలలు తప్పుతుంది. జాతీయ రహదారి 16 మీద రాత్రి ఎదురు లారీల లైట్ల మధ్య అది ప్రాణాల మీదికి తెస్తుంది. కనీసం మూడు నెలలు పగలు, ఊళ్లో, నిదానంగా మాత్రమే నడపమని నా సలహా. కంటిపాప పెద్దది చేసిన రోజూ, ఇంజెక్షన్ రోజూ అసలు నడపకండి.

ఒక కన్ను పోయినట్టే కదా, సదరం సర్టిఫికెట్ వస్తుందా?

కేంద్ర మార్గదర్శకాల ప్రకారం రెండో కన్ను బాగుంటే, ఈ కన్ను పూర్తిగా పోయినా వైకల్యం 30 శాతంగానే లెక్కిస్తారు. పింఛను వంటి ప్రయోజనాలకు కావలసిన 40 శాతం చేరదు. చార్జీలు పెట్టుకుని శిబిరాల చుట్టూ తిరిగేముందు ఇది తెలుసుకోవడం మంచిది.

రోహిణి కార్తె ఎండలో పనిచేస్తాను. దాని వల్ల వచ్చిందా?

ఒంట్లో నీరు బాగా తగ్గితే రక్తం చిక్కబడుతుంది, చిన్న వయసువారిలో అది ఒక ప్రేరేపకంగా చెబుతారు. ఎండ ఒక్కటే కారణమని మాత్రం తేల్చకండి. అలా తేల్చుకున్నవారు బీపీ చూపించుకోరు. చీమకుర్తి క్వారీల్లోనో, చెరువు గట్ల మీదో పనిచేసేవారు నీళ్లు తాగుతూ ఉండండి, ఎండుచేపలు, ఊరగాయ ఉప్పు తగ్గించండి.

ఆకుకూరలు, కంటి వ్యాయామాలు, నాటు చుక్కల మందుతో అడ్డు కరుగుతుందా?

కరగదు. ఆకుకూరలు ఒంటికి మంచివి. ఆకు పసర్లు కంట్లో పోయించుకుంటే నల్లగుడ్డు మీద పుండు పడి, మిగిలిన చూపు కూడా పోవచ్చు.

చెన్నై వెళ్లాలా, ఇక్కడే చూపించుకోవాలా?

ఇంజెక్షన్ మందు అక్కడైనా ఇక్కడైనా ఒకటే. కంటి లోపలి సిర వాపు, రెండు కళ్లకూ రావడం, కారణం తేలకపోవడం వంటి చిక్కులుంటే పెద్ద కేంద్రంలో ఒకసారి అభిప్రాయం తీసుకుని, నెలనెలా చికిత్స దగ్గరలోని రెటీనా డాక్టరు వద్ద కొనసాగించడం చాలామందికి కుదిరే పద్ధతి. నెలనెలా పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లవలసి వస్తే మూడో నెలకు మానేస్తారు, అది నేను పదేపదే చూసిన సంగతి. ఎక్కడికి వెళ్లినా రిపోర్టు కాగితం మాత్రమే కాక ఓసీటీ, రంగు పరీక్షల అసలు బొమ్మలు పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి, ప్రతి తేదీ పక్కన ఆ రోజు చూపు, కంటి ఒత్తిడి, వేసిన మందు పేరు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం చూస్తే కొత్త డాక్టరుకు మీ కన్ను ఎటు నడుస్తోందో ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది.